గాలివాన మర్నాడు వచ్చేవాడు

ఎనభై ఎనిమిది వేసవి అంతా నేను మా అత్తగారితో పోట్లాడుతూనే గడిపాను. పోట్లాటంటే కేకలు వేసుకోవడం కాదు. ఆవిడ ఒక మాట అనేవారు, నేను ఒక గిన్నె కాస్త గట్టిగా కింద పెట్టేదాన్ని. ఆవిడ దగ్గేవారు. నేను ఇంకో గిన్నె పెట్టేదాన్ని. ఇదంతా ఒక ట్యూబులైటు గురించి.

మా ఇల్లు చాట్రాయి దాటాక రెండు మైళ్ళు లోపలికి, మామిడి తోట మధ్యలో ఉండేది. ఊళ్ళో కరెంటు ఉంది, మా దాకా స్తంభాలు లేవు. మా ఆయన తిరుపతిరావు కరెంటాఫీసు చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు. స్తంభాలు రాలేదు గానీ అక్కడి ప్యూనుకి మా తోట రసాలు బాగా అలవాటయ్యాయి. నేనేమో జాకెట్లు కుట్టేదాన్ని. వైశాఖం, జ్యేష్ఠం పెళ్ళిళ్ళ కాలం, అదే కాయ కోతల కాలం. పగలంతా వంటా, మజ్జిగా, కూలి వాళ్ళకి నీళ్ళూ. మిషను ముందు కూర్చునేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. ఆ లాంతరు వెలుగులో ఒకరోజు ఆకుపచ్చ జాకెట్టుకి నీలం దారంతో చేతులు కుట్టేశాను. ఆ జాకెట్టు మా తోటలో కాయలు కోసే కనకమ్మది, కూతురు పెళ్ళికి కుట్టించుకుంటోంది. "పోనీలెండమ్మా, కొంగు కప్పుకుంటాగా" అని ఆవిడ నవ్వేసింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

నూజివీడులో కళ్ళ డాక్టరుకి చూపించుకుంటే ఇక లాంతరు ముందు కుట్టొద్దన్నాడు. మా ఆయనకి ఆ మాట చాలు.

"మిషను ఆగిరిపల్లిలో మా అక్క ఇంటికి పంపేద్దాం. వాళ్ళకి కరెంటుంది, అమ్మాయిలు నేర్చుకుంటారు" అన్నారు.

ఆ మిషను నా కుట్టు డబ్బులతో నేను కొనుక్కున్నది. ఆ ఇంట్లో మంచం, బీరువా, గేదెలు, చివరికి నీళ్ళ కాగు కూడా నేను రాకముందే ఉన్నాయి. నాది అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. అది పోతుందంటే నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. దాంతో ఆయన కొంచెం మెత్తబడి ఒక గడువు పెట్టారు. కోతలు అయ్యేలోగా ఇంట్లో లైటు వెలిగితే మిషను ఉంటుంది. లేకపోతే ఆఖరి లోడు లారీలో కాయలతో పాటు అదీ వెళుతుంది.

అప్పుడే నూజివీడులో ప్రభుత్వం వాళ్ళు ఎండతో వెలిగే లైట్ల ప్రదర్శన పెట్టారు. కొంటే సబ్సిడీ కూడా ఉందన్నారు. మా పేరు రాయించుకుని వచ్చిన వారంలోనే ఇద్దరు వెతుక్కుంటూ వచ్చేశారు.

మొదటాయన లక్ష్మీనరసింహారావు, బెజవాడ కంపెనీ మనిషి. సఫారీ సూటు, చేతిలో రంగు రంగుల కాగితాలు. మూడు ట్యూబులైట్లు, వాటికి తోడు ఒక బుల్లి ఫ్యాను, అయిదేళ్ళ గ్యారంటీ కార్డు. ఫ్యాను బొమ్మ చూడగానే నేను ఆయన పార్టీలో చేరిపోయాను.

"సూర్యుడు ఉన్నంతకాలం మీకు వెలుగేనండీ" అన్నాడాయన అరుగు మీద కూర్చుంటూ.

"సూర్యుడి సంగతి నాకు తెలుసు. నీ సంగతి చెప్పు" అన్నారు మా అత్తగారు బసవమ్మ గారు. "రేపు గాలివాన వచ్చిందనుకో. మర్నాడు వస్తావా?"

ఆవిడ ఎవరినైనా అడిగే ప్రశ్న ఇదే. మా వైపు తోటలు పూత మీద గుత్తకిస్తారు. చెట్టుకి ఇంకా పిందె కూడా ఉండదు. కాబట్టి ఇచ్చేవాళ్ళు డబ్బు కంటే మనిషిని చూసి ఇస్తారు. కాయ ముదిరే వేళకి గాలివాన వచ్చి సగం రాలిపోయిందంటే ఆ మనిషి ఎలాంటివాడో బయటపడుతుంది. ఒకడు తెల్లారేసరికి గోతాలు పట్టుకుని తోటలో ఉంటాడు. రాలింది ఏరుతాడు, ఏం పోయిందో ఏం మిగిలిందో ఇంటివాళ్ళతో కూర్చుని మాట్లాడుకుంటాడు. ఇంకొకడు వారం పోయాక ఎవరిచేతో కబురు పంపుతాడు, గుత్త తగ్గించమని. మొదటి రకం వాడికే మా అత్తగారు తోట ఇచ్చేవారు. వియ్యంకుల్ని కూడా ఆవిడ ఇలాగే తూచారు. నా పెళ్ళిచూపుల్లో మా నాన్నని ఈ మాటే అడిగితే, ఆయన పాపం తోట కొనమంటున్నారేమోనని కంగారుపడ్డారు.

లక్ష్మీనరసింహారావు గారు నవ్వి, "ఏదైనా వస్తే కంప్లయింటు రాసి పంపండమ్మా. మా సర్వీసు డిపార్టుమెంటు చూసుకుంటుంది" అన్నారు.

"వాళ్ళు ఉండేదెక్కడ?"

"మద్రాసులోనండీ."

మా అత్తగారు దగ్గారు. నేను లోపల గిన్నె పెట్టాను.

రెండోవాడు జోజిబాబు. నూజివీడు బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే కొట్టు అతనిది, కొత్తగా ఈ లైట్ల ఏజెన్సీ తీసుకున్నాడు. అతని మోపెడ్ చప్పుడు మనిషి కంటే పావుగంట ముందు వచ్చేది. రెండే లైట్లు, ఫ్యాను లేదు, గ్యారంటీ ఒక్క ఏడాది. పైగా నోరు విప్పితే ఉన్నది ఉన్నట్టు చెప్పేసే రకం.

"ఇందులో పాడయ్యేవి మూడున్నాయండీ. రెండు నాకొచ్చు" అన్నాడు.

"మూడోది?" అన్నాను నేను.

"కంపెనీకి ట్రంకాల్ చేసి కనుక్కుంటానండీ."

"గాలివాన మర్నాడు వస్తావా అబ్బాయ్?" అన్నారు మా అత్తగారు.

"దారుంటే బండి మీద వస్తానండీ. లేకపోతే నడిచొస్తాను" అన్నాడతను ఆలోచించకుండా.

అతను వెళ్ళాక నేను అన్నాను, "మాటలు ఎవరైనా చెబుతారు అత్తయ్యా. రాకపోతే ఏం చేస్తాం? అక్కడ కార్డుంది, స్టాంపుంది."

"నిజమే, మాట నమ్మకూడదు. కార్డూ నమ్మకూడదు. వీళ్ళు ఇదివరకు పెట్టిన ఇళ్ళు చూసొద్దాం పద" అన్నారావిడ. తోటల విషయంలోనూ ఆవిడ పద్ధతి అదే. గుత్తకి అడిగినవాడు నిరుడు ఎవరి తోట చేశాడో అక్కడికి వెళ్ళి కనుక్కోవడం.

బెజవాడ కంపెనీ వాళ్ళు రెడ్డిగూడెంలో ఒక ఇంటికి పెట్టారంటే బస్సెక్కి వెళ్ళాం. ఆ ఇంటావిడ సుబ్బరత్నమ్మ మమ్మల్ని చూసి చాలా సంతోషించింది. ఎవరో బాగుచేయడానికి వచ్చారనుకుందట.

"వెలుగుతోందాండీ?" అన్నాను.

"మొన్న దసరా దాకా వెలిగిందమ్మా. ఆ తర్వాత ఆరిపోయింది. మూడు ఉత్తరాలు రాశాం."

"జవాబు రాలేదా?"

"రాకేం? క్యాలెండరు పంపారు."

గోడ మీద క్యాలెండరు నిజంగానే బాగుంది. దాని మీద సూర్యుడు నవ్వుతున్నాడు. తర్వాత ఆవిడ మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్ళింది. అక్కడ ఏటవాలుగా నిలబెట్టిన నల్లటి అద్దపు పలక ఉంది. ఎండని కరెంటు చేసే పలక అదే. దాని మీద నిండా బంగారు రంగులో మామిడి తాండ్ర ఎండుతోంది.

"లైటు పోతే పోయింది గానీ, తాండ్రకి మాత్రం దీన్ని మించింది లేదండీ. చాప మీద మూడు రోజులు పట్టే పొర దీని మీద ఒక్క రోజులో ఆరిపోతుంది" అందావిడ ఒక ముక్క తుంచి మా చేతిలో పెడుతూ.

నేను పగలబడి నవ్వాను. మా అత్తగారు నవ్వలేదు. తాండ్ర ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో వేసుకున్నారు. తిరుగు బస్సులో కూడా, "ఎంత నునుపుగా వచ్చిందే విజయా" అన్నారు. లైటు గురించి అడిగితే, ఆ క్యాలెండరు కంపెనీ వద్దన్నారు.

జోజిబాబు పెట్టిన ఇల్లు నూజివీడు పొలిమేరలో ఒక కోళ్ళఫారం వాళ్ళది. లైటు వెలుగుతోంది. అతను వస్తాడా అని అడిగితే ఆ ఇల్లాలు తల పట్టుకుంది. "పిలవకపోయినా వస్తాడండీ, అదే బాధ. వచ్చాడంటే కబుర్లకి కూర్చుంటాడు. ఆయనకి కాఫీలు పెట్టలేక చస్తున్నాను" అంది.

మా అత్తగారు అక్కడే తేల్చేశారు. నేను ఫ్యానుకి మనసులోనే నీళ్ళు వదులుకున్నాను.

మే మొదట్లో జోజిబాబు వచ్చి మా డాబా మీద పలక బిగించాడు. నడవలో బ్యాటరీ పెట్టి, నడవకొకటి వంటింటికొకటి లైట్లు వేశాడు. ఆ సాయంత్రం స్విచ్చి నొక్కితే ఇల్లంతా పాలు పోసినట్టయింది. కూలి వాళ్ళందరూ చూడటానికి వచ్చారు. తోట గుత్తకి తీసుకున్న పోతురాజు చెప్పులు బయట విడిచి మరీ లోపలికి వచ్చాడు. మా ఇంట్లో ఎన్ని బల్లులున్నాయో నాకు ఆ రోజే తెలిసింది. కనకమ్మ జాకెట్టు చేతులు విప్పి ఆకుపచ్చ దారంతో మళ్ళీ కుట్టాను. ఆ రంగు ఎంత ఆకుపచ్చో నాకు కళ్ళారా కనిపిస్తుంటే ప్రాణం లేచొచ్చింది.

ఒక వారం బాగానే ఉంది. తర్వాత లైటు నీరసపడటం మొదలుపెట్టింది. వెలిగించిన కాసేపటికే గుడ్డిదయ్యేది, జాకెట్టు సగంలో ఆరిపోయేది. బస్సు కండక్టరు చేత కబురు పంపితే జోజిబాబు మర్నాడే వచ్చాడు. మోపెడ్ చప్పుడు దూరంగా వినపడగానే మా అత్తగారు డాబా మీదికి వెళ్ళారు. అందులో వింతేమీ లేదు. తాండ్ర పోసే రోజుల్లో డాబా పూర్తిగా ఆవిడ రాజ్యం. తాళం కూడా ఆవిడ కొంగునే ఉండేది, మమ్మల్ని ఎవరినీ ఎక్కనిచ్చేవారు కాదు. జోజిబాబు పైకెళ్ళి చూశాడు, పలక శుభ్రంగా ఉంది. బ్యాటరీలో నీళ్ళు పోసి, ఫ్యూజు మార్చి, కాఫీ తాగి, గంటసేపు కబుర్లు చెప్పి వెళ్ళాడు. రెండు రోజులు గడిచాక మళ్ళీ అదే తంతు. మళ్ళీ వచ్చాడు, వైర్లన్నీ విప్పి బిగించాడు.

"ఇది ఆ మూడోదేమోనండీ" అన్నాడు దిగులుగా. ట్రంకాల్ కూడా చేశాడు. వాళ్ళేమో ఎండ తగులుతోందా అని అడిగారట. మేలో నూజివీడులో ఎండ తగులుతోందా అని!

మా ఆయన మాత్రం, "నేను ముందే చెప్పాను" అనడం మొదలుపెట్టారు. ఆయన ముందు ఏమీ చెప్పలేదు. అయినా మగవాళ్ళకి ఆ మాటంటే ఇష్టం.

నెలాఖరులో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. అరగంట కూడా లేదు. కలెక్టర్ మామిడికాయలు డాబా మీద దబదబా పడ్డాయి, మా దొడ్డి వైపు పెద్ద చెట్టు ఒకటి వేళ్ళతో సహా ఒరిగింది. చాపల మీద ఆరేసిన తాండ్రని లోపలికి తెచ్చేలోగా సగం తడిసిపోయింది. ఆ రాత్రి లైటు అసలు వెలగలేదు. ఎల్లుండే ఆఖరి లోడని పోతురాజు చెప్పి వెళ్ళాడు. మా ఆయన మిషనుకి గోనెపట్టా చుట్టి, కొబ్బరి తాడుతో బిగించి కట్టి నడవలో పెట్టారు. ఆ కట్లు చూస్తూ నేను అన్నం తినలేకపోయాను.

తెల్లారేసరికి పోతురాజు గోతాలతో తోటలో ఉన్నాడు. మా ఆయనా అక్కడికే వెళ్ళారు. మా అత్తగారు తాళం తీసుకుని డాబా ఎక్కారు. నేను వాకిట్లో రాలిన ఆకులు ఊడుస్తూ, మోపెడ్ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. రాలేదు. ఎండెక్కింది, అయినా రాలేదు. సరే, ఈవిడ మనిషిని తూచడం కూడా ఇంతేనన్నమాట అనుకున్నాను. అలా అనుకోవడంలో కాస్త కసి కూడా ఉంది.

అప్పుడు దారిలో ఎవరో నడిచొస్తున్నారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, భుజం మీద తువ్వాలు, దాని మీద ఒక బ్యాటరీ. జోజిబాబు. మొహమంతా చెమట, కాళ్ళ నిండా బురద.

"దారికడ్డంగా చెట్లు పడ్డాయండీ. బండి చాట్రాయిలో పెట్టి నడిచొచ్చాను" అన్నాడు రొప్పుతూ. "ఇది నా కొట్లో బ్యాటరీ. ఇది పెట్టి చూద్దాం. అప్పటికీ వెలగకపోతే మాత్రం నాకు ఇంకేమీ తెలియదండీ. ముందు పైన పలక ఎగిరిపోలేదు కదా?"

ఇద్దరం డాబా ఎక్కాం. మా అత్తగారు మా వైపు వీపు పెట్టి, పలక ముందు పీట వేసుకుని కూర్చున్నారు. పక్కన గిన్నెలో మామిడి రసం. అరచేత్తో ఆ రసాన్ని అద్దం మీద, కింది మూల నుంచి పైకి, నెమ్మదిగా పూస్తున్నారు. ఎంత శ్రద్ధగా పూస్తున్నారంటే మేం వచ్చిన సంగతే ఆవిడకి తెలియలేదు.

"అమ్మగారండీ" అన్నాడు జోజిబాబు నీరసంగా.

ఆవిడ ఉలిక్కిపడి తిరిగారు. "అదేంటయ్యా, బండి చప్పుడు లేకుండా వచ్చావు? చెప్పులతో దుమ్ము రేపకు, పచ్చి తాండ్ర!"

"ఎన్నాళ్ళ నుంచండీ ఇది?"

"రెడ్డిగూడెంలో చూశాను కదా, ఇది బిగించిన వారానికి మొదలుపెట్టాను. రోజూ గుడ్డ పరిచి దాని మీద పోసేదాన్ని. నువ్వొస్తే దుమ్ము పడుతుందని గుడ్డతో ఎత్తి లోపల పెట్టేదాన్ని. రాత్రి వానకి గుడ్డలూ చాపలూ తడిసిపోయాయి, అందుకని అద్దానికే పూస్తున్నాను." మా ఇద్దరి మొహాలు చూసి ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "ఒక్క మూలే కదా. మిగతాదంతా నీకే వదిలేశాను. అయినా లైటు వెలిగేది రాత్రి, తాండ్ర ఎండేది పగలు. దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

జోజిబాబు బ్యాటరీ కిందకి దించి, పిట్టగోడకి చేరబడి కూర్చున్నాడు. "రాత్రి వెలగాలంటే పగలు ఎండ తాగాలండీ. మూల మూసినా మొత్తం నీరసపడిపోతుందని కంపెనీ కాగితంలో ఉంది. చెట్టు నీడ అని రాశారు గానీ తాండ్ర అని రాయలేదండీ" అన్నాడు. తర్వాత అతనికి నవ్వొచ్చింది. ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. "నా మిషను పోతోంది అత్తయ్యా! రేపు లారీ ఎక్కుతోంది!" అన్నాను. ఆవిడ ముందు నేను గొంతు పెంచడం అదే మొదటిసారి. గిన్నెలు పెట్టడం వేరు, ఇది వేరు.

ఆవిడ దగ్గలేదు. రసం అంటిన చెయ్యి కడుక్కుని, బిందెడు నీళ్ళు తెప్పించి, పలకని తానే కడిగారు. జోజిబాబు సాయం వస్తే వద్దన్నారు. పూసిన రసమంతా నీళ్ళతో పాటు డాబా తూములోంచి పోతుంటే అటు చూడలేదు.

మధ్యాహ్నం మా ఆయన తోటలోంచి వచ్చారు, వెనకాల పోతురాజు. రాలిన కాయల బాధ అంతా జోజిబాబు మీద తీర్చుకోవడానికి ఆయన సిద్ధంగా ఉన్నారు.

"వచ్చావా? బాగుంది. నీ లైట్లూ పలకా విప్పుకుని తీసుకుపో. ఇలాంటి సరుకు అంటగట్టావని నూజివీడులో నలుగురికీ చెబుతాను" అన్నారు.

జోజిబాబు నా వైపు చూశాడు, మా అత్తగారి వైపు చూశాడు. తల దించుకున్నాడు. "బ్యాటరీ లోపం ఉందండీ. నాదే పొరపాటు. వేరేది తెచ్చాను, ఇక బాగుంటుంది" అన్నాడు.

నిజం నా నోటి దాకా వచ్చింది. అయినా ఆవిడ పరువు పోతురాజు ముందు తీయడానికి నాకు నోరు రాలేదు. మిషను పోతేపోయింది అని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. మా అత్తగారు తన కొడుకు ముందు తప్పు ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అసలు ఎవరి ముందూ చూడలేదు.

"ఒరేయ్ తిరుపతీ" అన్నారావిడ. "వాడి బ్యాటరీ బంగారంలా ఉంది. నేనే ఆ అద్దం మీద రోజూ తాండ్ర పోశాను. అందుకే లైటు ఆరిపోయింది."

పోతురాజు దూలాల వైపు చూడటం మొదలుపెట్టాడు.

"చెట్లు దాటుకుని, బరువు మోసుకుని, నడిచొచ్చాడు ఈ అబ్బాయి" అన్నారావిడ. "అలా వచ్చినవాడి మీద నా మూలంగా మాట పడితే నేనిక ఎవరికీ తోట ఇవ్వడానికి పనికిరాను. వాడికి అన్నం పెట్టించు."

మా ఆయన తల గోక్కున్నారు. "మరి రేపు లారీ వాడికి ఏం చెప్పను?"

"మామిడికాయలు తీసుకెళ్ళమని చెప్పు."

జోజిబాబు మా ఇంట్లో మూడుసార్లు అన్నం పెట్టించుకుని, గాలివానల చరిత్ర అంతా చెప్పి, తను తెచ్చిన బ్యాటరీ మళ్ళీ భుజాన వేసుకుని ఎండ తగ్గాక బయల్దేరాడు. అప్పటికి పలకకి సగం పూట ఎండ తగిలింది. చీకటి పడగానే నేను భయం భయంగా స్విచ్చి నొక్కాను. వెలిగింది, చక్కగా వెలిగింది.

వంటింట్లోంచి వచ్చేసరికి మా అత్తగారు నడవలో కింద కూర్చుని, మిషనుకి కట్టిన కొబ్బరి తాడు విప్పుతున్నారు. కొడుకు బిగించిన ముడులు ఆవిడ వేళ్ళకి లొంగడం లేదు. నేను చెయ్యి వేయబోతే "ఉండు" అన్నారు. చివరి ముడి పంటితో లాగి విప్పారు. గోనెపట్టా మడిచి పక్కన పెట్టి, కొంగుతో మిషను తుడిచారు. తర్వాత దారపు ఉండ తీసుకుని, కొస తడిచేసి, ట్యూబులైటు వైపు మొహం ఎత్తి, సూది బెజ్జంలోకి ఎక్కించారు. ఒక్కసారికే వెళ్ళింది. ఎక్కిన దారాన్ని ఆవిడ కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయారు.

నాకు ఏదో చెబుతారేమోనని ఎదురుచూశాను. ఆవిడ లేచి, పీట నా వైపు జరిపారు.

"కూర్చో విజయా. ఎంతెంత దూరం నుంచి వచ్చిన వెలుగో, ఊరికే పోతోంది" అన్నారు.